శ్రామిక బంధువు వరాహగిరి వెంకటగిరి

మన దేశపు నాలుగవ రాష్ట్రపతిగా శ్రీ వి.వి. గిరి పేరు వినని విద్యార్థి ఉండడు. కాని రాష్ట్రపతి భవనం ఆయన జీవితయాత్రలో చివరి మజిలీ. అంతకు ఎన్నో ఏండ్లకు ముందే ఆయనను వెన్నాడిన ప్రశ్న వేరు. జబ్బు చేసి, దెబ్బ తగిలి, లేదా పని ఊడి కూలి ఆగిపోయిననాడు కార్మికుని ఇంట పొయ్యి వెలిగేదెట్లు?

1894 ఆగస్టు 10న బరంపురంలో న్యాయవాది జోగయ్య పంతులుగారి ఇంట ఆయన జన్మించారు. ఆనాటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1936లోనే అది ఒరిస్సాలో చేరింది. ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రానికై ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్లారు. ఆ యేడే ఆ నగరంలో యజమానులు వేలాది కార్మికులను పనిలోనికి రానీయక వీథిపాలు చేశారు. 1911 నాటి బ్రిటిష్ బీమా చట్టం అక్కడ అప్పటికే అమలులో ఉన్నది. రోగియైన కార్మికునికి కొంత భత్యం దక్కేది. వైద్యం మాత్రం ఐర్లండు వారికి వర్తింపజేయలేదు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో సంబంధమున్నదని 1916లో ప్రభుత్వం గిరిగారిని ఆ దేశం నుండి పంపివేసింది. న్యాయవాద వృత్తి కొన్నేండ్లే సాగింది. జాతీయోద్యమం, ఆ వెనుక కార్మికోద్యమం ఆయనను లాగివేశాయి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించినవారిలో ఆయన ముఖ్యులు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, ఆ రైలుమార్గం పొడవునా పనిచేసిన తెలుగు కుటుంబాలు నేటికీ ఎన్నో ఉన్నవి. పనినుండి తొలగింపబడినవారి పక్షాన 1928లో ఆయన నడిపిన సమ్మె అహింసాయుతంగా సాగి ఫలించింది. అప్పటికి ప్రమాదానికి నష్టపరిహారం ఇచ్చే 1923 చట్టమొకటి ఉండేది. యంత్రంలో చేయి పోతే పరిహారం. ఉద్యోగమే పోతే ఏమీ లేదు!

1927లో భారత కార్మిక ప్రతినిధిగా ఆయన జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లారు. ఆ సభ అనారోగ్య బీమాపై రెండు ఒడంబడికలను ఆమోదించింది. ఒకటి పరిశ్రమల కార్మికులకు, రెండవది వ్యవసాయ కార్మికులకు. కార్మికుడూ యజమానీ చందా చెల్లించాలి. జబ్బుపడినవానికి కనీసం 26 వారాలు నగదు సాయం అందాలి. భారత ప్రభుత్వం వాటిని అంగీకరించలేదు.

1937లో మద్రాసు రాష్ట్ర కార్మిక మంత్రిత్వం, స్వాతంత్ర్యానంతరం సింహళంలో హైకమిషనర్ పదవి నిర్వహించి, 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై గిరిగారు కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఆనాటికి దేశంలో రెండు పెద్ద పథకాలు పురిటిలో ఉన్నవి. వాటి చట్టాలు ఆయన రచించినవి కావు. అమలు భారం ఆయనపై పడింది.

మొదటిది 1948 చట్టం ప్రకారం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమైన ఉద్యోగుల రాజ్య బీమా, అనగా మనమందరం ఇ.ఎస్.ఐ. అని పిలిచేది. నెలకు 400 రూపాయల లోపు వేతనం గల ఫ్యాక్టరీ కార్మికుడు జబ్బుపడితే ఏడాదిలో 56 రోజుల వరకు సగం వేతనం, దానితోపాటు వైద్యం. సగం వేతనమేనా అని నేటివారికి తోచవచ్చు. అదీ లేనినాడు జరిగేది వేరు. జ్వరం తగ్గకముందే కార్మికుడు అప్పు తెచ్చేవాడు, వడ్డీకి భయపడి, కాళ్లు తడబడుతూనే మిల్లుకు పోయేవాడు, తిరిగి మంచమెక్కేవాడు. ఆ సగం వేతనం అతనికి కోలుకునే వ్యవధినిచ్చింది. అయినా జెనీవాలో చెప్పిన 26 వారాలెక్కడ, 56 రోజులెక్కడ?

రెండవది ప్రావిడెంట్ ఫండు. 1952 నవంబరు 1 నుండి సిమెంటు, సిగరెట్, ఇంజనీరింగ్, ఇనుము-ఉక్కు, కాగితం, వస్త్రం అను ఆరు పరిశ్రమలలో ఇది పూర్తిగా అమలైంది. వేతనంపై రూపాయికి ఒక అణా కార్మికుడు, మరొక అణా యజమాని. 60 రూపాయల వేతనంపై నెలకు మూడు రూపాయల పన్నెండణాలు కోత. బియ్యం కొనవలసిన ఇల్లాలికి ఆ కోత బరువుగానే తోచి ఉంటుంది. కాని చందా కట్టినవాడు సాయం అర్థించడు, తన హక్కు అడుగుతాడు. ధర్మానికీ బీమాకూ గల భేదమంతా ఆ అణాలోనే ఉన్నది.

ఖరగ్‌పూర్ నాటి లోటు 1953లో తీరింది. పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, ఉద్యోగం నుండి తగ్గించినవారికి ప్రతి పూర్తి సంవత్సరపు సేవకూ 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలన్నారు. తాత్కాలికంగా పని ఆపిన రోజులకు సగం వేతనం. ఆ మరుసటి యేడు బ్యాంకు ఉద్యోగుల విషయంలో అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చగా, గిరిగారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఇచ్చిన తీర్పుపై కార్మికునికి నమ్మకం పోతే ఏ రక్షణ పథకమూ నిలువదు కదా!

ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు, ఉపరాష్ట్రపతి పదవి, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతి పదవి, 1975లో భారతరత్న వచ్చినవి. రాష్ట్రపతిగా ఉండగానే కోట్లాది జనులకు ఉపాధి కల్పించుటను గూర్చి ఆయన ఒక గ్రంథం ప్రకటించారు. అందుకు కారణం లేకపోలేదు. ఇ.ఎస్.ఐ., ప్రావిడెంట్ ఫండు రెండూ ఫ్యాక్టరీ హాజరుపట్టీలో పేరున్నవానికే మొదట దక్కినవి. మగ్గం ముందు కూర్చున్నవాడు, పొలంలో నాటు వేసే కూలి మనిషి వాటికి వెలుపలే ఉండిపోయారు. 1927లో జెనీవా సభ ఆమోదించిన రెండవ ఒడంబడిక ఆ పొలం కూలి కొరకైనదే.

1980 జూన్ 24న మద్రాసులో గిరిగారు పరమపదించారు. 1995లో జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టబడింది.