లష్కర్ పటాలం దవాఖానలో దోమ గుట్టు విప్పిన డాక్టరు రాస్

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎవరికైనా జ్వరం ముదిరి స్థానికంగా తగ్గకపోతే పట్నం తీసుకుపోయి నల్లకుంటలోని కోరంటి దవాఖానలో చూపించడం చాలా కుటుంబాలకు తెలిసిన సంగతే. ఆ దవాఖాన అసలు పేరు సర్ రోనాల్డ్ రాస్ ఉష్ణమండల, అంటువ్యాధుల సంస్థ. ఆ పేరు గల మనిషి ఎవరో, మన సికిందరాబాదుకు ఆయనకు గల సంబంధమేమిటో తెలిసినవారు తక్కువ. ఆయన సైన్యంలో డాక్టరు. చలిజ్వరంతో మంచం పట్టిన సిపాయిల మధ్య కూర్చుని, ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది దోమ అని కనిపెట్టినవాడు.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల చెంత ఆల్మోరాలో జన్మించారు. అంతకు మూడు రోజుల ముందే మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలైంది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండుకు పంపారు. ఆయనకు కవిత్వం మీద, చిత్రలేఖనం మీద, గణితం మీద మక్కువ. తండ్రికి మాత్రం కొడుకు సైనిక వైద్యుడు కావాలని పట్టుదల. తండ్రి మాట కాదనలేక 1875లో లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్య కళాశాలలో చేరారు. చదువుపై శ్రద్ధ అంతంత మాత్రమే. ఒక పరీక్ష తప్పి, కొంతకాలం లండను, న్యూయార్కుల మధ్య తిరిగే ఓడల్లో డాక్టరుగా పనిచేశారు. చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చారు.

తూటాల కన్నా జ్వరాలే ప్రమాదం

ఆ రోజుల్లో సైనికుడికి శత్రువు కన్నా రోగమే పెద్ద గండం. మన దేశంలోని తెల్ల పటాలాలలో ఏటా వెయ్యిమందికి 69 మంది చనిపోతున్నారని 1863లో రాయల్ కమిషన్ లెక్క తేల్చింది. వారిలో అత్యధికులు కలరా, విరేచనాలు, జ్వరాల వల్ల పోయినవారే. పటాలం దవాఖానలో పడక ఉంది, డాక్టరు ఉన్నాడు, క్వినైన్ మందు ఉంది. అయినా సిపాయి జ్వరం తగ్గి బ్యారక్‌కు పోయేవాడు, వానలు పడగానే మళ్లీ వణుకుతూ వచ్చేవాడు. జ్వరం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియనంత కాలం డాక్టరు చేసేది చిల్లుకుండకు నీళ్లు పోయడమే.

చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాలుగా నమ్మిక. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల నెత్తురులో సూక్ష్మజీవిని చూశారు. రోగకారకమేదో తెలిసింది కాని అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తెలియలేదు.

బెంగుళూరు తొట్టి కథ

రాస్ 1883లో బెంగుళూరు దండులో పనిచేస్తున్నప్పుడు ఆయన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. వెదకగా కిటికీ బయట నీళ్ల తొట్టిలో దోమపిల్లలు గిలగిల కదులుతూ కనిపించాయి. తొట్టి బోర్లించారు. దోమలు తగ్గిపోయాయి. అధికారుల భోజనశాల చుట్టూ ఉన్న తొట్లు, డబ్బాలు, పూలకుండీలు కూడా ఇలాగే ఖాళీ చేయిద్దామని పై అధికారికి చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. ప్రకృతి దోమలను పుట్టించిందంటే ఏదో ప్రయోజనం ఉండే ఉంటుందని, వాటి జోలికి పోవద్దని ఆయన వాదన. దోమకూ చలిజ్వరానికీ సంబంధం ఉన్నదని అప్పటికి రాస్‌కూ తెలియదు. కాని ఆ తొట్టిని ఆయన జీవితాంతం మరువలేదు.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందారు. మరుసటి ఏడు రోజా బ్లాక్సమ్‌ను వివాహమాడారు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుని కలుసుకోవడంతో ఆయన దారి మారింది. మాన్సన్ సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూపించి, దోమకు దీనితో సంబంధం ఉండవచ్చునని, ఆ సంగతి ఇండియాలోనే తేలాలని ప్రోత్సహించారు. అయితే మాన్సన్ ఊహలో ఒక పొరపాటు ఉంది. దోమ నీటిలో చనిపోతే ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నారు.

సికిందరాబాదులో నిజం తేలింది

1895లో రాస్ సికిందరాబాదు వచ్చి 19వ మద్రాసు పదాతి పటాలంలో డాక్టరుగా చేరారు. మన పెద్దలు లష్కర్ అని పిలిచే ఆ దండులో బేగంపేట దవాఖానే ఆయన ప్రయోగశాల. గురువు చెప్పిన మాటను ముందు పరీక్షించారు. రోగిని కుట్టిన దోమలు చనిపోయిన నీటిని, డబ్బుకు ఒప్పుకున్న మనిషి చేత తాగించారు. అతనికి కొద్ది రోజులకు స్వల్పంగా జ్వరం వచ్చింది. తొందరపడే మనిషైతే గెలిచామని అక్కడే ప్రకటించి ఉండేవాడు. రాస్ నెత్తురు పరీక్షించగా క్రిములు కనిపించలేదు. మరికొందరిపై చేసిన పరీక్షలలోనూ రుజువు దొరకలేదు. గురువు మాట కదా అని పట్టుకు వేళ్లాడక, నీటి వాదాన్ని పక్కన పెట్టారు. మనుషులపై ఇటువంటి పరీక్షలకు ఈనాటి వైద్య నియమాలు ఒప్పుకోవు. ఒక్క ఫలితం చూసి నమ్మరాదన్న నియమం మాత్రం నేటికీ చెల్లుతుంది.

ఇంతలో బెంగుళూరులో కలరా ప్రబలగా ప్రభుత్వం 1895 సెప్టెంబరులో ఆయన్ను అక్కడికి పంపింది. బావులు, మురుగుకాల్వలు, వీధుల పరిశుభ్రతపై పనిచేశారు. 1897లో ఊటీ దగ్గర సిగూరు లోయకు వెళ్లి తానే చలిజ్వరం బారిన పడ్డారు. కోలుకుని ఆ ఏడు జూన్‌లో తిరిగి సికిందరాబాదు చేరారు.

అప్పటికి ఆయన కోసిన దోమలన్నీ మచ్చలులేని రకాలు, చారల రకాలు. వాటిలో ఏమీ దొరకలేదు. ఆగస్టులో ఒక సహాయకుడు సీసాలో దోమపిల్లలు తెచ్చాడు. వాటి నుంచి రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు పుట్టాయి. అంతకు ముందు ఎవరినీ కుట్టని దోమలు కనుక పరీక్షకు అవే నమ్మదగినవి. హుసేన్ ఖాన్ అనే చలిజ్వర రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను వదిలారు. కుట్టిన దోమకు అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చారు.

తర్వాత రోజుకు ఒకటి రెండు చొప్పున దోమలను కోసి చూడసాగారు. ఎండ వేడికి ఉక్కపోత. పంకా ఊపితే దోమలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, అద్దం పగిలింది. కళ్ల చుట్టూ ఈగలు ముసిరేవి. 1897 ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. అటువంటి నల్లరేణువులు మలేరియా క్రిమిలోనే ఉంటాయి. మరునాడు ఆఖరి దోమను కోయగా ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. క్రిమి దోమలో బతుకుతున్నదని, పెరుగుతున్నదని రుజువైంది. ఆ రాత్రి ఆయన ఆనందంతో ఒక పద్యం రాసుకున్నారు. ఆ ఆగస్టు 20నే ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తున్నది.

బదిలీలు, పక్షులు, నోబెల్

అంతటి ఫలితం చేతికందిన నెల రోజులకే ఆయన్ను రాజపుటానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ చలిజ్వర రోగులే లేరు. నెలల తర్వాత 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికింది. ప్లేగు సూదుల భయంతో జనం నెత్తురు ఇవ్వడానికి ముందుకు రాలేదు. రాస్ పక్షులకు వచ్చే మలేరియాను తీసుకున్నారు. దోమ కడుపులోని క్రిమి చివరకు దాని లాలాజల గ్రంథికి చేరుతుందని, దోమ కుట్టినప్పుడే ఆరోగ్యమైన పక్షికి సోకుతుందని ఆ జూలైలో తేల్చారు. మనుషుల విషయంలో అనాఫిలిస్ దోమ పాత్రను అదే ఏడు ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. ఘనత ఎవరిదన్న విషయంలో రాస్‌కు, గ్రాసీకి ఏళ్ల తరబడి తగవు నడిచింది. రాస్ ముక్కోపి. తన ఘనతకు లోటు వస్తే సహించేవారు కాదు. 1902లో నోబెల్ బహుమతి ఆయన్నే వరించింది. ఆ బహుమతి పొందిన తొలి బ్రిటిష్ పౌరుడు ఆయనే.

రాస్ 1899లో ఉద్యోగ విరమణ చేసి లివర్‌పూల్ వెళ్లారు. ఇక ఆయన పని ఒక్కటే, తెలిసిన దానిని ఆచరణలో పెట్టించడం. 1902లో సూయజ్ కాలువ ఒడ్డున ఇస్మాయిలియా పట్టణానికి వెళ్లి నిలవనీటి గుంటలు పూడ్పించి, మిగిలిన వాటిలో నూనె పోయించారు. అంతకు ముందు ఏటా 2000 దరిదాపుల్లో ఉన్న జ్వరాలు రెండు మూడేళ్లలో వంద లోపుకు దిగాయి. పనామా కాలువ తవ్వకంలో అమెరికా సైనిక వైద్యుడు గోర్గాస్ ఇదే పద్ధతి పాటించి వేలాది కూలీల ప్రాణాలు కాపాడారు. దోమలను పూర్తిగా నిర్మూలించనక్కర లేదని, ఒక హద్దు కిందికి తగ్గిస్తే చాలు జ్వరం దానంతట అదే అంతరిస్తుందని రాస్ 1910 నాటి గ్రంథంలో గణితంతో చూపించారు.

అయినా సైన్యాలు వెంటనే పాఠం నేర్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాసిడోనియా రంగంలో బ్రిటిష్ దళాలకు శత్రువు చేసిన నష్టం కన్నా చలిజ్వరం వల్ల దవాఖాన పాలైన వారి సంఖ్య అనేక రెట్లు ఎక్కువ. దోమ సంగతి తెలిసి అప్పటికి ఇరవై ఏళ్లు కావస్తున్నది. 1917లో బ్రిటిష్ యుద్ధ శాఖ రాస్‌నే మలేరియా సలహాదారుగా నియమించుకుంది.

1911లో సర్ బిరుదు పొందిన రాస్, 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు. ఆయన పరిశోధన చేసిన బేగంపేట భవనాన్ని స్మారకంగా నిలుపుకున్నారు.

మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంటి గోడలపై డి.డి.టి. మందు కొట్టేవారు పల్లెలకు వచ్చిన రోజులు పెద్దలకు గుర్తే. నిజాంసాగర్, పోచారం నీళ్లు పారే కాల్వలు, కుంటలు, పొలాలు మన ప్రాంతానికి అన్నం పెట్టేవి. వాటిని పూడ్చలేము. కాని ఇంటి ముందు గోలెం, పాత టైరు, కూలరు తొట్టి మన చేతిలోనివే. చలిజ్వరం దోమ ఎక్కువగా కాల్వలు, కుంటల మంచినీటిలో, డెంగీ దోమ ఇంటి నిలవనీటిలో పెరుగుతాయి. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీరు పారబోయాలని ఆరోగ్య సిబ్బంది చెప్పడంలోని కారణం ఇదే. బెంగుళూరులో నాడు ఆ అధికారి వద్దన్న పని కూడా ఇదే.