మంత్రాలయం వెళ్తున్నారా? ఈ గురువు కథ పిల్లలకు చెప్పండి



శ్రావణ బహుళ విదియ నాడు మంత్రాలయంలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న మఠంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన జరుగుతుంది. మన పిల్లల్లో చాలామంది మీతో కలిసి అక్కడికి వెళ్తారు. నదిలో స్నానం చేస్తారు, ముందు మంచాలమ్మను, తర్వాత స్వామి బృందావనాన్ని దర్శించుకుంటారు. తిరిగి వచ్చాక క్లాసులో అడిగితే క్యూ ఎంత పొడవుందో, పరిమళ ప్రసాదం ఎంత బాగుందో చెబుతారు. ఆయన ఎవరని అడిగితే దేవుడంటారు. దేవుడిగా కొలిచే ముందు ఆయన ఒక విద్యార్థి, ఒక టీచర్, ఒక తండ్రి. ఆ సంగతులు పిల్లలకు మనమే చెప్పాలి.

బావగారి ఇంట్లో చదువు

ఆయన అసలు పేరు వేంకటనాథుడు. 1595 ప్రాంతంలో తమిళనాడులోని భువనగిరిలో పుట్టారు. తండ్రి తిమ్మణ్ణ భట్టు, తల్లి గోపికాంబ. వాళ్ళ పూర్వీకులు విజయనగర ఆస్థానంలో వీణా విద్వాంసులు. 1565 యుద్ధంతో ఆ రాజ్యం దెబ్బతిన్నాక కుటుంబం దక్షిణానికి వలస వెళ్ళింది.

వేంకటనాథుడు చిన్నవాడిగా ఉండగానే తండ్రి పోయారు. అక్క వేంకటాంబ భర్త లక్ష్మీనరసింహాచార్యులు మధురలో పండితుడు. ఆయనే బావమరిదిని తన దగ్గర పెట్టుకుని చదువు చెప్పారు. ఆ బావగారు పట్టించుకోకపోతే ఈ కథే లేదు.

పెళ్ళయ్యాక కూడా వేంకటనాథుడు చదువు ఆపలేదు. భార్య సరస్వతితో కుంభకోణం వెళ్ళి, అక్కడి మఠాధిపతి సుధీంద్ర తీర్థుల దగ్గర పెద్ద గ్రంథాలు చదివారు. అక్కడ జరిగిందని చెప్పుకునే ఒక సంఘటన మన పిల్లలకు బాగా నచ్చుతుంది. వేంకటనాథుడు పొద్దెక్కేదాకా నిద్రపోతున్నాడని తోటి విద్యార్థులు గురువుగారికి ఫిర్యాదు చేశారట. అసలు సంగతి తెలుసుకుందామని గురువుగారు ఒక రాత్రి వెళ్ళి చూశారు. వేంకటనాథుడు ఎండుటాకులు మంట వేసుకుని, ఆ వెలుగులో పాఠానికి వ్యాఖ్య రాసుకుని, అలసిపోయి అక్కడే నిద్రపోయి ఉన్నాడు. గురువుగారు ఆ తాళపత్రాలు తీసుకుని, తన శాలువా అతనికి కప్పి వెళ్ళిపోయారు. మర్నాడు అందరి ముందు ఆ రాతను మెచ్చుకుని పరిమళాచార్యుడని బిరుదు ఇచ్చారు. జయతీర్థుల న్యాయసుధకు ఆయన రాసిన వ్యాఖ్యకు పరిమళం అనే పేరే నిలిచింది.

గురువుగారు ఫిర్యాదు విన్న వెంటనే కోప్పడలేదు. స్వయంగా వెళ్ళి చూశారు. మాలాంటి టీచర్లు నేర్చుకోవాల్సింది ఇక్కడ చాలా ఉంది.

చదువుంది, బియ్యం లేదు

పేరెంట్స్ మీటింగ్‌లో మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. ఈ చదువుతో మా వాడు రేపు ఏమవుతాడు, ఎంత సంపాదిస్తాడు అని. ఫీజు కట్టే ప్రతి ఇంట్లో ఈ భయం సహజం. వేంకటనాథుడి ఇంట్లో ఈ ప్రశ్నకు చాలా ఏళ్ళు జవాబు దొరకలేదు.

ఆయన వ్యాకరణం, వేదాంతం, సంగీతం అన్నీ చదివారు. వీణ బాగా వాయించేవారు. పిల్లలకు పాఠాలు చెప్పేవారు కానీ డబ్బు అడిగేవారు కాదు. ఇంట్లో వారానికి కొన్ని రోజులు పస్తులే. అప్పటికి లక్ష్మీనారాయణ అనే కొడుకు పుట్టాడు.

ఆ రోజుల్లో ఒక ఇంటికి భోజనానికి వెళ్తే, పేదవాడని చూసి అతిథుల కోసం గంధం తీయమన్నారట. ఆయన మంత్రాలు చదువుకుంటూ గంధం తీశారు. అది పూసుకున్నవాళ్ళకు ఒళ్ళంతా మంట పుట్టింది. అడిగితే, తను చదివింది అగ్నిసూక్తమని చెప్పి, వరుణసూక్తం చదివి చల్లార్చారని కథ. దీన్ని మహిమగా నమ్మేవారు నమ్ముతారు. బట్టలు చూసి మనిషిని అంచనా వేయకూడదన్న సంగతి మాత్రం అందరికీ పనికొస్తుంది.

తండ్రిగా ఆయన ముందు నిలిచిన ప్రశ్న

సుధీంద్ర తీర్థులు పెద్దవారయ్యారు. తన తర్వాత మఠాన్ని నడపమని వేంకటనాథుణ్ణి కోరారు. అంటే సన్యాసం తీసుకోవాలి. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. భార్య చిన్న వయసులో ఉంది, కొడుక్కి ఇంకా ఉపనయనం కాలేదు. వాళ్ళను వదిలి ఎలా వెళ్ళాలన్నది ఆయన బాధ. చాలా మథనపడ్డాక, కొడుకు ఉపనయనం జరిపించి, 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. రాఘవేంద్ర తీర్థులనే పేరు అప్పుడు వచ్చిందే. అప్పటి తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుడు. ఆయన స్వయంగా తెలుగు కవి.

ఆ ఇంటి వైపు కథ మాత్రం విషాదం. భర్త సన్యాసి అయ్యాడన్న దుఃఖం తట్టుకోలేక సరస్వతి ప్రాణాలు కోల్పోయిందని సంప్రదాయం చెబుతుంది. మఠం కథల్లో ఈ భాగాన్ని కూడా దాచకుండా చెబుతారు. కాస్త పెద్ద పిల్లలకు మనమూ చెప్పవచ్చు. గొప్ప నిర్ణయాల బరువు ఒక్కోసారి ఇంట్లో వాళ్ళ మీదే పడుతుంది.

వెంకన్న, మంచాల గ్రామం

ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు ఆయన మఠాన్ని నడిపారు. దక్షిణ దేశమంతా తిరిగారు, పాఠాలు చెప్పారు. 40కి పైగా గ్రంథాలు రాశారని చెబుతారు. ఆదోని ప్రాంతానికి వచ్చినప్పుడు వెంకన్న అనే అనాథ కుర్రాడు కలిశాడు. పశువులు కాసేవాడు, అక్షరం ముక్క రాదు. స్వామి అతణ్ణి ఆదరించి, కష్టం వస్తే తనను తలచుకోమన్నారు.

బీజాపూర్ సుల్తానుల తరఫున ఆదోనిని పాలించిన సిద్ది మసూద్ ఖాన్ ఒకరోజు దారిలో ఉత్తరం అందుకుని, కనబడిన వెంకన్నను చదవమన్నాడట. రాదంటే నమ్మలేదు, బెదిరించాడు. వెంకన్న గురువును తలచుకుని చదివేశాడు. అది శుభవార్త. తర్వాత ఆ కుర్రాడే ఆదోని దివాను అయ్యాడు. ఆ పరిచయం వల్లనే నవాబు స్వామికి ఒక గ్రామం ఇస్తానన్నాడు. స్వామి సారవంతమైన ఊళ్ళు వద్దని, తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలను అడిగారు. నేటి మంత్రాలయం అదే. అక్కడ బృందావనం సిద్ధం చేయించే పనిని స్వామి ఈ వెంకన్నకే అప్పగించారు.

1671లో స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేశారని భక్తుల విశ్వాసం. ఆ సమయానికి ప్రియశిష్యుడు అప్పణాచార్యులు దగ్గర లేరు. కబురు తెలిసి, పొంగుతున్న తుంగభద్రను దాటి పరుగున వచ్చేసరికి చివరి రాయి పెట్టేశారట. దారిపొడవునా ఆయన ఏడుస్తూ చెప్పుకున్న స్తోత్రాన్నే భక్తులు ఇప్పటికీ చదువుతున్నారు.

వెళ్ళినప్పుడు ఇలా చేయండి

దర్శనం అయ్యాక పది నిమిషాలు నది దగ్గర కూర్చోండి. అవతలి ఒడ్డు కర్ణాటక అని చూపించండి. అప్పణాచార్యుల ఊరు బిచ్చాలి అటువైపే ఉంది. ఆకుల మంట వెలుగులో రాసుకున్న విద్యార్థి కథ చెప్పండి, వెంకన్న కథ చెప్పండి. తర్వాత ఎవరి కథ నచ్చిందో మీ పిల్లల్నే అడగండి. క్లాసులో వెనకబడ్డానని బాధపడే పిల్లలు ఎక్కువగా వెంకన్న పేరే చెబుతారు. అప్పుడు మార్కుల మాట ఎత్తకండి. ఎందుకు నచ్చాడో మాత్రం అడిగి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి.