తుఫానుకు పేరు పెట్టిన నావికుడు: హెన్రీ పిడింగ్టన్

అల్పపీడనం వాయుగుండంగా మారిందని, అది తుఫానుగా బలపడవచ్చని రేడియోలోనో టీవీలోనో మీరు చాలాసార్లు విని ఉంటారు. ఆ మాట వినగానే వేటకు వెళ్ళిన పడవలు, కోతకొచ్చిన చేలు గుర్తుకొస్తాయి. జాగ్రత్త పడటానికి ఒకటి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. 180 ఏళ్ళ క్రితం మన తీరంలో ఇలా ముందుగా చెప్పేవారు లేరు. తుఫాను స్వభావాన్ని తెలుసుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్ళు శ్రమించిన ఒక నావికుని జీవితాన్ని ఈ పాఠంలో చదువుదాం.

హెన్రీ పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులో జన్మించాడు. వర్తక ఓడల్లో పనిచేసి కెప్టెన్ అయ్యాడు. భారతదేశం, చైనా వైపు సముద్రాలలో ప్రయాణించాడు. తరువాత ఓడ పని వదిలి కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడ భూగర్భ సంపదకు సంబంధించిన మ్యూజియంను చూసుకునేవాడు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు.

1838లో విలియం రీడ్ అనే బ్రిటిష్ సైనికాధికారి తుఫానుల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. పెను తుఫానులో గాలి ఒకే దిక్కుగా వీచదనీ, ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుందనీ అందులో వివరించాడు. ఆ పుస్తకం పిడింగ్టన్‌ను ఆకట్టుకుంది. బంగాళాఖాతంలోనూ ఇలాగే జరుగుతుందా? దీన్ని తేల్చాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఆ రోజుల్లో ఉపగ్రహాలు లేవు, రాడార్లు లేవు. మరి ఆయన ఎలా తెలుసుకున్నాడు? ప్రతి ఓడలోనూ దినచర్య పుస్తకం ఉంటుంది. గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరులో పాదరసం ఎంత దిగింది, ఓడ ఎక్కడ ఉంది అన్న వివరాలు అందులో రాస్తారు. ఒకే తుఫానులో చిక్కుకున్న పలు ఓడల పుస్తకాలను ఆయన సేకరించి, ఆ వివరాలను పటం మీద గుర్తించాడు. గాలి బాణాలన్నీ ఒక వలయంగా కనిపించాయి. 1839 నుంచి ఈ పరిశోధనలను కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా ప్రచురించాడు.

ఈ పరిశోధనలో మన తీరానికీ చోటుంది. కాకినాడ దగ్గరి కోరంగి అప్పట్లో పేరున్న ఓడరేవు. అక్కడ 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన వచ్చి ఘోర నష్టం కలిగించింది. ఈ రెండు విపత్తుల గురించీ పిడింగ్టన్ రాశాడు.

1845లో మారిషస్ సమీపంలో ఛార్లెస్ హెడిల్ అనే ఓడ తుఫానులో చిక్కి, గాలితోపాటు కొన్ని రోజులు గుండ్రంగా తిరిగింది. గాలి వలయంగా తిరుగుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

1848లో ఆయన నావికుల కోసం ఒక పుస్తకం రాశాడు. పేరు 'సెయిలర్స్ హార్న్ బుక్'. ఇంగ్లండులో పూర్వం పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకను హార్న్ బుక్ అనేవారు. అంటే ఇది నావికుల ఓనమాల పుస్తకమన్నమాట! ఆ పుస్తకంతోపాటు గాలి వలయాలు గీసిన, కొమ్ముతో చేసిన పారదర్శకమైన పలుచటి రేకులు ఇచ్చాడు. రేకును పటం మీద పెట్టి, అందులోని బాణాన్ని వీస్తున్న గాలి దిక్కుకు సరిపోల్చితే, తుఫాను కేంద్రం ఏ వైపు ఉందో తెలిసేది. ఓడను దానికి దూరంగా నడిపించవచ్చు. ఈ తిరిగే గాలులకు ఆయన 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. వలయం, పాము చుట్ట అనే అర్థాలున్న గ్రీకు మాట దీనికి మూలం.

గాలి ఎందుకు తిరుగుతుందో ఇప్పుడు చూద్దాం. సముద్రం పైపొరల్లో నీరు సుమారు 27 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి వేడెక్కినప్పుడు, దాని మీది తేమగాలి పైకి లేస్తుంది. పైన ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. దాంతో గాలి ఇంకా పైకి పోతుంది. కింద పీడనం తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి అక్కడికి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల ఆ గాలి వంకర తిరిగి సుడి కడుతుంది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఈ సుడి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మన దేశంలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను అని, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను అని అంటారు.

తుఫానుతో వచ్చే ఉప్పెన గాలికంటే ప్రమాదకరమని పిడింగ్టన్ గ్రహించాడు. కలకత్తాకు తోడుగా, సుందరవనాల దగ్గర మాత్లా నది మీద కొత్త ఓడరేవు కట్టాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. అక్కడ రేవు కడితే ఏదో ఒకనాడు ఉప్పెన దాన్ని ముంచేస్తుందని హెచ్చరించాడు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. 1858లో ఆయన కలకత్తాలో మరణించాడు. ఆ తరువాత రేవు కట్టారు, రైలు మార్గం వేశారు, పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో తుఫాను వచ్చింది. ఉప్పెన రేవును దెబ్బతీసింది. కొద్ది ఏళ్ళలోనే దాన్ని వదిలేశారు.

1864లో కలకత్తాను తాకిన తుఫాను వేలాదిమందిని బలిగొన్నది. ఆ మరుసటి ఏడాది కలకత్తా రేవులో హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇవేవీ చూడటానికి పిడింగ్టన్ లేడు. ఈసారి తుఫాను హెచ్చరిక వింటే ఆయనను గుర్తు చేసుకోండి. తెలిసినవారు ముందుగా చెప్పాలి, విన్నవారు సమయానికి కదలాలి. అప్పుడే ఆ జ్ఞానం ప్రాణాలు కాపాడుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు

1. పిడింగ్టన్ తుఫానుల వివరాలను ఎలా సేకరించాడు?
2. సైక్లోన్ అనే పేరు ఆయన ఎందుకు ఎంచుకున్నాడు?
3. మీ ప్రాంతంలో హెచ్చరిక అందినా ప్రజలు కదలకపోవడానికి కారణాలు ఏమిటి? మీ ఇంటి పెద్దలను అడిగి రాయండి.