అన్బు అమ్మగారు, అజరయ్య అయ్యగారు: ఒక క్రైస్తవ గృహము

క్రిస్మసు సమీపించిన కొలది మన ఆలయములలో రెండు సందడులు కనబడును. ఒకటి సున్నము వేయుట, నక్షత్రములు కట్టుట, పాటల బృందములు ఇంటింటికి తిరుగుట. రెండవది, ఆరాధనలో పాస్టరుగారు చదువు వివాహ ప్రకటనలు. ఊరికి దూరముగా ఉద్యోగములు చేయు పిల్లలు పండుగ సెలవులకు రాగానే, ఆ కొద్ది దినములలోనే పెండ్లి జరిపించవలెనని తల్లిదండ్రుల ఆత్రుత. ఈ దినములలో మన దోర్నకల్ అధ్యక్ష మండలపు మొదటి బిషప్పు, కీర్తిశేషులు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి దాంపత్యమును జ్ఞాపకము చేసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆయన సేవను గూర్చి పెద్దలు అనేకులు వ్రాసియున్నారు. ఆ సేవకు తోడుగా నిలిచిన ఇల్లాలిని గూర్చి మనము చెప్పుకొనునది తక్కువ.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు హిందూ కుటుంబమునుండి క్రీస్తును అంగీకరించి, గ్రామ సంఘమునకు గురువైనవారు. తల్లి ఎల్లెన్ అమ్మగారు. ఒక కుమార్తె కలిగిన పిమ్మట ఎన్నో యేండ్లు సంతానము లేక, హన్నావలె ప్రార్థించి పొందిన కుమారుడు గనుక ఆయనకు శామ్యూలు అను పేరు వచ్చెను. బాలుడుగా ఉండగనే తండ్రి మరణింపగా, తల్లియే ఆయనను భక్తియందు పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడుటచే పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతయు తిరిగి యువకుల మధ్య పనిచేసిరి.

ఇరువది నాలుగేండ్లు నిండీ నిండని ఆ ప్రాయములో, 1898లో, ఆయన అన్బు మరియమ్మాళ్ శామ్యూలు అను కన్యను వివాహమాడిరి. తమిళములో అన్బు అనగా ప్రేమ. దక్షిణ భారతమున కళాశాల మెట్టెక్కిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఈమె ఒకరు. ఆడపిల్ల నాలుగక్షరములు నేర్చినదే గొప్ప అనుకొను ఆ కాలములో, చదువుకొన్న కన్యను కోరి చేసికొనుటకు ధైర్యము కావలెను. అయితే ఆమె చదువుకంటె ముందుగా ఆయన చూచినది ఆమె భక్తిని. తిరునల్వేలి కన్యలలో ఆత్మీయ చింతనయందు ఈమెయే ముందున్నదని ఆయన అభిప్రాయము. దేవుడు వారికి నలుగురు కుమారులను, ఇద్దరు కుమార్తెలను అనుగ్రహించెను.

ఈ దంపతుల జీవితములో ఒక విశేషము కలదు. ఆయన సేవలోని ముఖ్యమైన మలుపులు పలుమార్లు క్రిస్మసు కాలముననే వచ్చినవి. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను పంపుటకు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. అందులో అజరయ్యగారు ముఖ్యులు. రెండేండ్ల తరువాత, 1905 డిసెంబరు 25న, కేరీగారు పనిచేసిన శ్రీరాంపురములో దేశము నలుమూలలనుండి వచ్చిన క్రైస్తవులు కూడి నేషనల్ మిషనరీ సొసైటీని ప్రారంభించిరి. ఆ క్రిస్మసు దినమున అజరయ్యగారు తిరునల్వేలికి ఎంతో దూరమున, హుగ్లీ నది ఒడ్డున ఉండిరి. పండుగనాడు యజమాని ఊరిలో లేని ఇల్లు ఎట్లుండునో మన తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. పిమ్మట ఆయన ఆ సంఘమునకు కార్యదర్శియై మరింత దూరములు ప్రయాణము చేసిరి.

1909లో ఇంకను పెద్ద పిలుపు వచ్చినది. ఇతరులను పొమ్మని చెప్పుచున్న తాను ఏల పోరాదని అజరయ్యగారు వై.ఎం.సి.ఏ. పదవిని విడిచి, గురుత్వాభిషేకము పొంది, నిజాము రాజ్యములోని దోర్నకలునకు వచ్చిరి. అది నాడు తిరునల్వేలివారికి పరదేశము వంటిది. భాష వేరు, ఆహారము వేరు, బంధువులు లేరు. పుట్టింటి భాషను దాటి వచ్చి, పల్లెలలో మాలమాదిగ కుటుంబముల మధ్య తెలుగులో మాటలాడుచు కాపురము చేయవలెను. పిలుపు భర్తకు వచ్చినను, దాని బరువు భార్యకును వచ్చును. అన్బు అమ్మగారు ఆ బరువును మోసిరి.

1912 డిసెంబరు 29, క్రిస్మసు వారములోని ఆదివారము. కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. అంతకు పూర్వము ఆ నియామకమును ఎదిరించినవారు తెల్లవారిలోను ఉండిరి, మనవారిలోను ఉండిరి. అట్టి మాటలు వినవచ్చిన దినములలో మనిషికి కావలసినది ఇంటిలో ఒక నెమ్మది.

ఆ ఇంటి నెమ్మది మన పల్లెలకు కూడ అందినది. దోర్నకలులో ఉపదేశకులకు తర్ఫీదు ఇచ్చునపుడు వారి భార్యలకు కూడ నేర్పవలెనన్నది బిషప్పుగారి పట్టుదల. పల్లెలోనికి పోవునది ఉపదేశకుడు ఒక్కడు కాదు, ఒక కుటుంబము. వారి వంటయిల్లు, వారి పిల్లలు, ఆలుమగల మాటతీరు, ఇవన్నియు పల్లెవారు చూచు ప్రసంగములే. స్త్రీల మధ్య ఈ పనిలోను, మదర్స్ యూనియనులోను అన్బు అమ్మగారు శ్రమించిరి. చిన్నదిగా మొదలైన అధ్యక్ష మండలము విస్తరించి, ఆయన కాలములోనే క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. ఆ లెక్కలో పేరు కనబడని తల్లుల ప్రయాసము ఎంత ఉన్నదో దేవునికే తెలియును.

1938 డిసెంబరులో మద్రాసు చేరువనున్న తాంబరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అజరయ్యగారు అందు పాల్గొనిరి. ఆ పండుగ దినములు గడచిన వెంటనే, 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ఏండ్ల తరబడి కట్టిన దోర్నకల్ కెథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. గుడిని, మసీదును తలపించు స్తంభములు, గుమ్మటములు గల ఆ ఆలయము ఈ నేలపై పరాయిదిగా కనబడదు. తమిళ దేశమునుండి వచ్చి తెలుగువారైన ఆ దంపతుల జీవితము కూడ అట్టిదే.

మరి ఆరు సంవత్సరములకు, క్రిస్మసు జరిగిన వారమునకే, 1945 జనవరి 1న అజరయ్యగారు దోర్నకలులో ప్రభువునందు నిద్రించిరి. తాను ఎంతో ప్రయాసపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడుట ఆయన కన్నులార చూడలేదు. వివాహ దినమునుండి లెక్కించిన 46 సంవత్సరముల యాత్ర ఆ నూతన సంవత్సర దినమున ముగిసినది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ క్రిస్మసు కాలములో వివాహ ప్రకటన చదువబడునపుడు, కట్నమెంత, విందుకు ఎందరు, పందిరి ఎంత అని మనము లెక్కలు వేసికొందుము. ఇల్లు కట్టుకొనుటకు అవి పునాది కావు. ఈ ఇద్దరును కలిసి ఎవరికి మేలు చేయుదురు అని ఒక్కసారి అడుగుదము. బేత్లెహేములో స్థలము దొరకని ఒక దంపతుల యొద్దనే కదా మన రక్షకుడు జన్మించెను. అట్టి గృహములను దేవుడు మన అధ్యక్ష మండలమున అధికముగా లేపును గాక. ప్రభువునకే మహిమ కలుగును గాక.