ఇరువదివేల అంటుమొక్కలు

లూథర్ బర్బాంకు అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, లాంకాస్టరు గ్రామమున 1849వ సంవత్సరమున జన్మించెను. 15 మంది సంతానములో అతడు 13వ వాడు. పెద్ద చదువులు చదువలేదు. యౌవనమున బంగాళాదుంప విత్తనములు నాటి యొక మేలురకమును కనుగొని, దానిని 150 డాలర్లకు విక్రయించి, 1875లో కాలిఫోర్నియాకు పోయెను. అచట శాంటారోజా పట్టణమున కొంతకాలము చిల్లరపనులు చేసి, కడకు చిన్న నారుతోటను నెలకొల్పెను.

1881వ సంవత్సరము వసంతకాలమున ఒక ధనికుడు వచ్చి, ఆ యేడు ముగియులోపుననే తనకు 20,000 ప్రూను మొక్కలు కావలెననెను. ప్రూను ఆల్‌బుకారా జాతి పండు. అంటుమొక్క సిద్ధమగుటకు సామాన్యముగా రెండేండ్లు పట్టును. మాట తప్పినచో క్రొత్తతోటకు పేరు దక్కదు. అయినను బర్బాంకు ఒప్పుకొనెను.

బాదము గింజ శీఘ్రముగా మొలచును. పైగా ప్రూనునకు దగ్గర చుట్టము. కావున అతడు బాదము గింజలను తడి యిసుకలో మొలకెత్తించి నాటెను. వేసవిలో కూలివాండ్రను పెట్టి, ప్రతి మొక్క బెరడును చీల్చి, లోన నొక ప్రూను మొగ్గను చొనిపి కట్టించెను.

కట్టులోపల జరుగు పని కంటికి కానరాదు. బెరడునకును కొయ్యకును నడుమ విభాజ్య కణావళి యను పలుచని పొర యుండును. క్రొత్త కణములు పుట్టుచోటు అదియే. గాయమైనచోట ఇరువైపులనుండియు మెత్తని కణములు ముద్దగా పెరిగి సందును పూడ్చును. పిమ్మట వానిలో కొన్ని మార్పుచెంది, రెండు పొరలను కలుపు వారధి యగును. ఆ వారధికి లోవైపున నీటిని మోయు దారునాళములు, వెలివైపున ఆహారమును మోయు పోషకనాళములు ఏర్పడి, ఇరుప్రక్కలవానితో కలిసికొనును. తెగిన పాతనాళములు మరల అతుకవు, క్రొత్తవి పుట్టవలసినదే. పొరకు పొర తగులనిచో మొగ్గ ఎండిపోవును. కట్టు బిగువుగా నుండవలెననుట ఇందుకే.

సుమారు పదిదినములకు మొగ్గలు అతికెను. ఇక బాదము తలలను నరికివేయుటయే తరువాయి యని మనము తలంతుము. బర్బాంకు నరుకలేదు, విరచి వంచి విడిచెను. వ్రేలాడు ఆకులు వేళ్లను పోషించుచుండగా, పెరుగుదల ప్రూను మొగ్గలకు మళ్లెను. అవి యెదిగిన పిదపనే తలలు తీసివేయబడెను. అతని నేర్పంతయు నా కిచటనే కనబడుచున్నది. డిసెంబరు నాటికి 19,500 మొక్కలు సిద్ధమయ్యెను. ధనికుడు సంతసించెను.

తరువాత బర్బాంకు ఒకే ముదురుచెట్టుపై వందలకొలది రకముల అంటులు కట్టి, వాని ఫలములను త్వరగా పరీక్షించుచుండెను. చేసిన పనులకు సరియైన లెక్కలు వ్రాసియుంచలేదని శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. అది సబబైన ఆక్షేపణయే. 1926వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన అతడు మరణించెను. శాంటారోజాలోని తన యింటి ఆవరణమునందే, ఒక దేవదారు వృక్షము క్రింద అతనిని సమాధి చేసిరి.