సర్ ఆర్నాల్డ్ నార్డ్‌మేయర్: పింఛనుకు పద్దు రాసిన పాస్టరు

మన సంఘ సభ్యులలో న్యూజిలాండ్ పేరు క్రికెట్ వలన తెలిసినవారే ఎక్కువ. పిల్లలు అక్కడ స్థిరపడినందున వెళ్ళి చూసివచ్చినవారూ కొందరుంటారు. అరవై ఏళ్ళు నిండిన సామాన్యునికి ప్రభుత్వమే వారం వారం పైకం ఇచ్చే ఏర్పాటు ఆ చిన్న దేశంలో ఎలా బలపడిందో తెలుసుకోవడం పెన్షనర్లమైన మనకు ఆసక్తికరం. ఆ కథలో ఒక ప్రెస్బిటీరియన్ పాస్టరు ఉన్నారు. ఆయనే ఆర్నాల్డ్ నార్డ్‌మేయర్.

వీరు 1901 ఫిబ్రవరి 7న దక్షిణ దీవిలోని డునెడిన్ నగరంలో జన్మించారు. తండ్రి జర్మన్, తల్లి ఐర్లండు నుండి వచ్చినావిడ. ఒటాగో విశ్వవిద్యాలయంలో చదువుతూనే మంచి వాదనాపటిమ గలవాడని పేరు తెచ్చుకున్నారు. తరువాత వేదాంత విద్య పూర్తిచేసి, 1925లో వైటాకి నది లోయలోని కురో అనే చిన్న ఊరికి పాస్టరుగా వెళ్ళారు. పదేళ్ళు అక్కడే ఉన్నారు.

కురోలో కాలు పెట్టినప్పుడు ఆ ఊరిలో చెప్పుకోదగ్గ విశేషం లేదు. 1928లో దగ్గరలోనే వైటాకి నదిపై జలవిద్యుత్ ఆనకట్ట పని మొదలైంది. యంత్రాలు తక్కువ, పలుగూ పారా పని ఎక్కువ. మరుసటి సంవత్సరం ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. కూలి దొరుకుతుందన్న ఆశతో దూరప్రాంతాల నుండి జనం ఆ లోయకు వచ్చారు. పని దొరకనివారు గుడారాలలో, తాత్కాలిక పాకలలో తలదాచుకున్నారు. పని దొరికినవారికి ఇంకో బాధ. దెబ్బ తగిలితే కూలి పోతుంది, పైగా డాక్టరు ఫీజు మీద పడుతుంది. ఆదివారం చర్చిలో ప్రసంగం చేసి, సోమవారం ఆ పాకల మధ్య తిరిగే పాస్టరుకు ప్రార్థన ఒక్కటే చాలదని తోచి ఉంటుంది.

ఊరి డాక్టరు గెర్వాన్ మెక్‌మిలన్, బడి హెడ్‌మాస్టరు ఆండ్రూ డేవిడ్‌సన్, మన పాస్టరు, ఈ ముగ్గురూ స్నేహితులు. డాక్టరుగారి ఇంట కూర్చుని చర్చించుకునేవారు. ఆ చర్చలు ఊరికే పోలేదు. ఆనకట్ట పనివారు తమ జీతంలో నుండి కొద్దిపాటి చందా క్రమంగా చెల్లిస్తే, జబ్బు చేసినప్పుడు వైద్యం, ఆసుపత్రి ఖర్చు ఆ ఉమ్మడి నిధి భరించే పద్ధతి కురోలో అమలైంది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఇచ్చేది మంచాన పడ్డవానికి అందుతుంది. ఉద్యోగుల పరస్పర సహాయ నిధులు నడిపిన మన మిత్రులకు ఈ సూత్రం కొత్త కాదు. దాన్ని దేశం మొత్తానికి విస్తరించవచ్చునని అనుకోవడమే ఆ ముగ్గురి గొప్పతనం.

1935 ఎన్నికలలో లేబర్ పార్టీ తొలిసారి అధికారంలోకి వచ్చింది. నార్డ్‌మేయర్ ఓమారు నియోజకవర్గం నుండి, మెక్‌మిలన్ డునెడిన్ నుండి పార్లమెంటులో ప్రవేశించారు. ప్రధాని మైకేల్ సావేజ్ ప్రభుత్వం తలపెట్టిన ఆరోగ్య, పింఛను పథకాన్ని పరిశీలించిన పార్లమెంటరీ సంఘానికి నార్డ్‌మేయరే అధ్యక్షులు. 1938లో సాంఘిక భద్రతా చట్టం వచ్చింది. ఆదాయ పరీక్షకు లోబడి 60 ఏళ్ళకు వారానికి 30 షిల్లింగులు, ఏ పరీక్షా లేకుండా 65 ఏళ్ళు దాటిన అందరికీ మొదట ఏటా 10 పౌండ్లు. ఆ దేశంలో 1898 నుండే వృద్ధాప్య పింఛను ఉన్న మాట నిజమే. అయితే అది నిరుపేదలకు మాత్రమే. పింఛను దయాధర్మం కాదు, హక్కు అన్న భావన ఈ చట్టంతో బలపడింది. మనకు 1982 డిసెంబరు 17న నకారా కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ దాదాపు ఇదే కదా.

అందుకు డబ్బు ఎక్కడి నుండి వచ్చింది? ప్రతి పౌండు ఆదాయానికి ఒక షిల్లింగు పన్ను, అంటే నూటికి ఐదు. ఈ లెక్కను ఎవరూ దాచిపెట్టలేదు.

వైద్యుల సంఘం మాత్రం లొంగలేదు. ఉచిత వైద్యం పేదలకు చాలునని వారి వాదన. 1941లో ఆరోగ్య మంత్రి అయిన నార్డ్‌మేయర్ ఆ పోరు తలకెత్తుకున్నారు. చివరకు రాజీ కుదిరింది. రోగి డాక్టరును చూసిన ప్రతిసారీ ప్రభుత్వం 7 షిల్లింగుల 6 పెన్నీలు ఇస్తుంది, ఆపైన రోగి వద్ద తీసుకునే వెసులుబాటు డాక్టరుకు ఉంటుంది. కురోలో కలగన్న పూర్తి ఉచిత వైద్యం ఇది కాదు.

1949లో పార్టీతో పాటు ఆయనా ఓడిపోయి, 1951 ఉప ఎన్నికలో తిరిగి సభకు వచ్చారు. 1957లో వాల్టర్ నాష్ ప్రధాని కాగా నార్డ్‌మేయర్ ఆర్థిక మంత్రి అయ్యారు. కుర్చీలో కూర్చునేసరికి విదేశీ మారకద్రవ్యం అడుగంటి ఉంది. బయట మార్కెట్‌లో వెన్న ధర పడిపోయింది. 1958 జూన్ 26న ఆయన ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో బీరు, పొగాకు, కార్లు, పెట్రోలు, అన్నిటి మీదా పన్నులు భారీగా పెరిగాయి. ప్రతిపక్షం దానికి నల్ల బడ్జెట్ అని పేరు పెట్టింది. పాస్టరుగారు జనం గ్లాసూ సిగరెట్టూ లాగేసుకున్నారన్న ఎగతాళి వేరే.

అదే సంవత్సరం పిల్లల భత్యం బిడ్డకు వారానికి 10 షిల్లింగుల నుండి 15కు పెరిగింది. ఆ భత్యాన్ని ముందుగానే ఒకేసారి తీసుకుని ఇల్లు కొనుక్కునే సదుపాయమూ వచ్చింది. కాని బీరు ధర గుర్తున్నంతగా ఇవి జనానికి గుర్తుండలేదు. 1960లో లేబర్ ఓడిపోయింది. 1963లో నార్డ్‌మేయర్ పార్టీ నాయకులైనా, అదే ఏడాది ఎన్నికలలో గెలవలేకపోయారు. 1965లో నాయకత్వం నార్మన్ కిర్క్ చేతికి వెళ్ళింది. ప్రధాని పదవి ఆయనకు దక్కలేదు. నా అభిప్రాయంలో ఆ బడ్జెట్ తప్పు కాదు. తేలిక మాటలతో దాన్ని జనానికి నచ్చజెప్పే నేర్పు ఆయనకు లేకపోయింది, అంతే.

1969లో రాజకీయాల నుండి విరమించుకున్నారు. 1975లో సర్ బిరుదు, 1987లో ఆర్డర్ ఆఫ్ న్యూజిలాండ్ గౌరవం లభించాయి. 1989 ఫిబ్రవరి 2న, 88 నిండడానికి ఐదు రోజుల ముందు, కన్నుమూశారు.