పేరు కోసం పోరాడిన భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాద్ సంస్థానంలో దళిత ఉద్యమ చరిత్ర చెప్పాలంటే భాగ్యరెడ్డి వర్మ దగ్గరే మొదలుపెట్టాలి. బడులు పెట్టిన సంస్కర్తగా, ఆది హిందూ ఉద్యమ నాయకుడిగా ఆయన మనకు తెలుసు. పాత రికార్డులతో పనిచేసే పరిశోధక విద్యార్థులుగా మేము ఆయన మరో పోరాటాన్ని గుర్తు చేయదలిచాం. తన జనాన్ని రికార్డుల్లో ఏ పేరుతో రాయాలన్న హక్కు కోసం చేసిన పోరాటం అది.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. భాగ్యరెడ్డి అన్నది కుటుంబ గురువు ఇచ్చిన పేరు. రెడ్డి అన్న మాట రేడు నుంచి వచ్చిందని, బయటివాళ్లు రాకముందు ఈ నేలను ఏలింది అంటరానివాళ్లని ముద్రపడిన ఈ జనమేనని ఆ గురువు నమ్మకం. వర్మ బిరుదు 1913లో ఆర్య సమాజం నుంచి వచ్చింది.

1906లో జగన్ మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా వాడల్లో చైతన్యం తెచ్చారు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బడులు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో అవి తెలుగు బడులు. కాలక్రమంలో వాటి సంఖ్య 20 దాటింది. 1911లో మాన్య సంఘం పెట్టి జోగిని ఆచారంపై, బాల్యవివాహాలపై, తాగుడుపై పోరాడారు.

1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షులు. పంచములన్న మాటనే ఆయన తిరస్కరించారు. నాలుగు వర్ణాల బయట ఐదోవాళ్లుగా లెక్కించే పేరు తమకు అక్కర్లేదన్నారు. ఈ నేలకు మొదటివాళ్లం కనుక ఆది ఆంధ్రులమన్నారు. సభ పేరు మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును గుర్తించింది.

నిజాం రాజ్యంలో ఆది హిందూ అన్న పేరు కోసం ఆయన పట్టుబట్టారు. 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు చేరింది. మాదిగల్లో కొందరు దానిని ఒప్పుకోక అరుంధతీయులన్న పేరు కోరారు. అదీ ఆత్మగౌరవ ప్రకటనే. 1931లోనే ఆయన భాగ్యనగర్ పత్రిక ప్రారంభించారు. మన వార్త మనమే రాసుకోవాలన్నదే ఆ పత్రిక ఉద్దేశం. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు.

ఈ చరిత్రకు ఆధారాలు పాత పత్రికల్లో, సభల నివేదికల్లో, పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్ వంటి పుస్తకాల్లో ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలోని పాత పుస్తకాలెన్నో ఇప్పుడు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి. ఊళ్లో ఉన్న విద్యార్థి కూడా ఫోన్‌లో చదువుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు.

కానీ స్కాన్ చేస్తే సరిపోదు. దళిత అని వెతికితే 1917 నాటి కాగితం దొరకదు, ఎందుకంటే దాని మీద ఉన్నది పంచమ అనో, ఆది ఆంధ్ర అనో. భాగయ్య, భాగ్యరెడ్డి, వర్మ ఒక్కరేనని క్యాటలాగు చెప్పకపోతే ఆయన జీవితమే మూడు ముక్కలవుతుంది. దొరకని పుస్తకం లేని పుస్తకంతో సమానం. పాత అవమానపు పేర్లను చెరిపేసినా ప్రమాదమే. వాటిపై జరిగిన పోరాటం కూడా చెరిగిపోతుంది.

అందుకే మేము అడుగుతున్నాం. ప్రతి పత్రానికి ఆనాటి పేరు, ఆ జనం ఎంచుకున్న పేరు, నేటి పేరు మూడూ జోడించాలి. ఆ పనిలో దళిత విద్యార్థులు, గ్రంథాలయ సిబ్బంది కలిసి కూర్చోవాలి. వాడల్లో ఇళ్లలో మిగిలిన కరపత్రాలు, సంఘాల రసీదులు, ఫొటోలు కూడా స్కాన్ కావాలి. మన పేరు మనమే రాసుకోవాలని 1917లో మొదలైన పోరాటం క్యాటలాగులో ఇంకా మిగిలే ఉంది.